నొప్పి మాత్ర రాసేవాళ్ళకూ, అమ్మేవాళ్ళకూ, అనుమతి ఇచ్చేవాళ్ళకూ బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్యులకు, ఫార్మసిస్టులకు, ఔషధ నియంత్రణ అధికారులకు నమస్కారం.

మీ పని తేలిక కాదని తెలుసు. ఆ మాట ఒక్కసారి మనస్ఫూర్తిగా చెప్పి విషయానికి వస్తాను. ఈ లేఖకు ముందు మూడు చోట్లకు విడివిడిగా ఉత్తరాలు రాశాను. ఒక చోట నుంచి "మీ ఫిర్యాదు అందింది" అని ఒక లైను వచ్చింది, రెండో చోట నుంచి అదీ రాలేదు. మూడోది మందు రాసిన ఆసుపత్రి. వాళ్ళ జవాబు: "మీరు చెప్పిన దుష్ప్రభావాలన్నీ మందుతో పాటు ఇచ్చే కరపత్రంలో ఉన్నవే." ఆ వాక్యాన్ని పదిసార్లు చదివాను. అందులో అబద్ధం ఏమీ లేదు. ఉన్నదే కదా, ఇంకేం కావాలి అన్నట్టు ఉన్న ఆ ధోరణికే ఈ లేఖ.

ముందు జరిగింది చెబుతాను.

మా అమ్మకు 64 ఏళ్ళు. మోకాళ్ళు అరిగాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని ఒక్కో కాలూ దించుకుంటూ వచ్చేది. డాక్టరు గారు చూసి డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులకు రాశారు. మూడో రోజుకల్లా అమ్మ గోడ వదిలేసి మెట్లు దిగింది, ఇంట్లో అందరం ఎంత సంబరపడ్డామో. ఐదు రోజులు అయిపోయాయి, నొప్పి మళ్ళీ మొదలైంది, అదే చీటీ పట్టుకెళ్ళి మళ్ళీ కొన్నాం. కొన్నాం అంటే నేనే కొన్నాను, ఆ తప్పు ఇంకొకరి మీదికి నెట్టను. అలా నాలుగు నెలలు గడిచాయి. మధ్యలో నడుము పట్టేస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన ఇంకో పేరున్న మాత్ర రాశారు, అమ్మ రెండూ వేసుకుంది. ఆ కొత్త పేరు వెనక ఉన్నది ఎసిక్లోఫెనాక్ అనీ, అది డైక్లోఫెనాక్‌కు స్వయానా తోబుట్టువనీ మాకు తర్వాతెప్పుడో తెలిసింది.

అమ్మ ఎనిమిదేళ్ళుగా బీపీకి ఒకే మాత్ర వేసుకుంటోంది. అందులో ఉన్నవి రెండు మందులు: టెల్మిసార్టాన్, దానితో పాటు ఒంట్లో ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపే హైడ్రోక్లోరోథయజైడ్. నొప్పి మాత్ర మొదలుపెట్టిన రెండో నెలలో బీపీ ఎప్పుడూ లేనంత పెరిగింది. ఎందుకు పెరిగిందో ఎవరూ ఆరా తీయలేదు, బీపీ మందు డోసు పెంచారు. (ఈ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పు, నీరు నిలవ ఉండేలా చేసి బీపీని పెంచుతాయని, బీపీ మందుల పనికి అడ్డుపడతాయని మీ అందరికీ తెలుసు. మాకు తెలియదు.) ఆ నాలుగు నెలల్లో ఆమెను పరీక్షించినవాళ్ళూ, మందు చేతికిచ్చినవాళ్ళూ కలిపి పది మందికి తక్కువ ఉండరు. "ఇంకా ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

తర్వాత మూడు రోజుల పాటు విరేచనం తారులా నల్లగా వచ్చింది. ఇలాంటివి పిల్లలతో ఏం చెబుతాంలే అని అమ్మ ఊరుకుంది. కడుపులో నొప్పి లేదు, మంట లేదు. నాలుగో రోజు బాత్రూంలోంచి వస్తూ కూలబడిపోయింది. హిమోగ్లోబిన్ 6.1. ఎండోస్కోపీలో కడుపులో పుండు, దాన్నుంచి కారుతున్న రక్తం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.9, అంతకు ముందు ఏడాది 0.9 ఉండేది. మూడు యూనిట్ల రక్తం ఎక్కించారు. బతికి ఇంటికొచ్చింది, అదే పదివేలు. క్రియాటినిన్ మాత్రం 1.5 దగ్గర ఆగిపోయింది, ఇంక కిందికి దిగనంటోంది.

ఇప్పుడు ఆ కరపత్రం సంగతి. అది ఉండేది పెట్టెలో, మా చేతికి వచ్చింది స్ట్రిప్ ఒక్కటే. అంతా అయ్యాక వెతికి సంపాదించి చదువుదామని కూర్చుంటే అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. అమ్మ సంగతి అటుంచండి, నా కంటికే ఆనలేదు. ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదివాను. అవును, అన్నీ ఉన్నాయి. మెడికల్ కాలేజీలో చదివినవాళ్ళకు అర్థమయ్యే మాటల్లో ఉన్నాయి.

అసలు సైడ్ ఎఫెక్ట్ అనే మాటే ఇక్కడ జనాన్ని పక్కదారి పట్టిస్తోందని నా అభిప్రాయం. 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త ఆస్పిరిన్, దాని కోవలోని మందులు (డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ ఆ కోవలోవే) ఎలా పనిచేస్తాయో చూపించారు, 1982లో ఆయనకు వచ్చిన నోబెల్ ఈ పనులకే. ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతుంటాయి, ఈ మందులు వాటి తయారీని ఆపేస్తాయి. మోకాలి దగ్గర వాపును, నొప్పిని పెంచేవి అవే. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ అవే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు ముడుచుకుపోకుండా పట్టి ఉంచేవీ అవే. మాత్రకు మోకాలేదో కడుపేదో తెలియదు కదా, మోకాలి దగ్గర చేసే పనినే ఒళ్ళంతా చేస్తుంది. నొప్పి తగ్గడం, కడుపులో పుండు పడడం రెండూ ఒకే పనికి రెండు ఫలితాలు. ఈ ఒక్క ముక్క నాలుగు నెలల కిందట ఎవరైనా చెప్పి ఉంటే నేను ఆ చీటీ పట్టుకుని మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాడిని కాదు.

మామూలు జనం మీద ఇది ఎలా పడుతోందో వరసగా రాస్తున్నాను. ఇవేవీ నేను కనిపెట్టినవి కావు, మీ పుస్తకాల్లో, మీ సంస్థల ప్రకటనల్లో ఉన్నవే.

1. కడుపు. అమెరికాలో ఈ మందుల లేబుల్ మీదే ఒక లెక్క ఉంది: మూడు నుంచి ఆరు నెలలు వాడినవాళ్ళలో నూటికి సుమారు ఒకరికి, ఏడాది వాడితే నూటికి ఇద్దరి నుంచి నలుగురికి కడుపులోనో పేగు మొదట్లోనో పుండు పడడం, రక్తం కారడం, రంధ్రం పడడం జరుగుతాయి. అంతకంటే భయపెట్టే మాట దాని పక్కనే ఉంది. ఇంత తీవ్రమైన సమస్య వచ్చిన ఐదుగురిలో ముందుగా ఏదో ఒక లక్షణం కనిపించేది ఒక్కరికే. అంటే "కడుపులో మంటగా ఉంటే ఆపేయండి" అని మీరు చెప్పే జాగ్రత్త ఐదుగురిలో నలుగురికి పనికిరాదు. మా అమ్మ ఆ నలుగురిలో ఉంది. ఇంకోటి, ఏదైనా తిన్నాక వేసుకుంటే ఏమీ కాదని జనంలో ఉన్న నమ్మకం. తింటే అప్పటికి వికారం తగ్గుతుందేమో గానీ, మందు రక్తంలో కలిశాక కడుపు పొర మీద చేసే పని ఆగదు. ఇంజెక్షన్‌గా తీసుకున్నా అంతే.

2. కిడ్నీలు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు కిడ్నీ వడపోత దగ్గర రక్తం బయటికి పోయే నాళాన్ని వెడల్పు చేస్తాయి. నీరు తగ్గించే మందు ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. నొప్పి మాత్ర వచ్చి రక్తం లోపలికి వచ్చే నాళాన్ని ఇరుకు చేస్తుంది. వచ్చే దారి ఇరుకు, పోయే దారి వెడల్పు, వచ్చే నీళ్ళే తక్కువ, ఇంక వడపోత దేనితో జరగాలి? దీని మీద 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెద్ద అధ్యయనం వచ్చింది. బీపీ మందులు వాడే 4,87,372 మంది రికార్డులు చూశారు. ఈ మూడూ కలిసి వాడినవాళ్ళకు కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ముప్పు, నొప్పి మాత్ర లేకుండా మిగతా రెండే వాడినవాళ్ళ కంటే 31 శాతం ఎక్కువ, మొదటి 30 రోజుల్లో అయితే 82 శాతం ఎక్కువ. అంటే నెలల తరబడి వాడితేనే ప్రమాదం అన్న ధైర్యం కూడా లేదు. లోకంలో బీపీ, మోకాళ్ళ నొప్పులు రెండూ ఉన్న పెద్దవాళ్ళు ఎంతమందో ఒకసారి ఆలోచించండి, ఇదేదో అరుదైన కలయిక కాదు. పైన వాంతులో విరేచనాలో పట్టుకుంటే చెప్పనే అక్కర్లేదు. కిడ్నీకి నొప్పి తెలియదు, రక్తపరీక్ష చేస్తే తప్ప బయటపడదు, పరీక్ష చేయించమని ఎవరూ రాయరు.

3. గుండె. రోఫెకాక్సిబ్ అనే కొత్త రకం నొప్పి మందును గుండెపోట్లు ఎక్కువవుతున్నాయని 2004లో కంపెనీయే మార్కెట్ నుంచి తీసేసింది. అది వేరే కథ, పాత నొప్పి మాత్రలకు సంబంధం లేదు అనుకున్నవాళ్ళు చాలామంది. మరుసటి ఏడాదే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ కోవలోని డాక్టరు చీటీ మందులన్నిటి మీదా లేబుల్‌లో చుట్టూ గీతలు గీసి హెచ్చరిక రాయించింది, 2015లో దాన్ని ఇంకా గట్టి చేసింది: వాడిన మొదటి వారాల్లోనే ముప్పు మొదలు కావచ్చు, డోసు పెరిగితే ముప్పు పెరుగుతుంది, గుండె జబ్బు లేనివాళ్ళకూ వర్తిస్తుంది. 2013లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన లెక్క ప్రకారం డైక్లోఫెనాక్ రోజుకు 150 మిల్లీగ్రాములో, ఇబుప్రోఫెన్ 2400 మిల్లీగ్రాములో ఏడాది పాటు వాడితే ప్రతి వెయ్యి మందిలో సుమారు ముగ్గురికి అదనంగా గుండెపోటు లాంటి పెద్ద సమస్య వస్తుంది, అందులో ఒకటి ప్రాణం తీసేది. వెయ్యిలో ముగ్గురే కదా అనొచ్చు. నిజమే, ఒక్కొక్కరికి చిన్న ముప్పే. కానీ వాడేది వెయ్యి మంది కాదుగా. అదే ఏడాది యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ గుండె జబ్బు ఉన్నవాళ్ళకు, అంతకు ముందు గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళకు డైక్లోఫెనాక్ వాడొద్దని చెప్పింది. ఆ మాట చెప్పి ఇన్నేళ్ళయింది, మందు రాసే బల్ల దాకా ఎంత వచ్చింది?

4. ఆస్పిరిన్ వాడేవాళ్ళు. గుండె కోసం రోజూ చిన్న డోసు ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు దానికి కాస్త ముందు ఇబుప్రోఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ తన పని సరిగా చేయలేకపోవచ్చు. ఎఫ్‌డీఏ ఇచ్చిన ఈ హెచ్చరిక 2006 నాటిది. మామూలు ఆస్పిరిన్ అయితే అది వేసుకున్న అరగంట తర్వాతో, లేదా దానికి 8 గంటల కంటే ముందో ఇబుప్రోఫెన్ తీసుకోవాలని కూడా అందులోనే చెప్పారు. రక్తం పలచబడే మందులు, స్టెరాయిడ్లు, కొన్ని డిప్రెషన్ మాత్రలు తోడైతే రక్తస్రావం ముప్పు ఇంకా పెరుగుతుంది.

5. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్ళు, డెంగ్యూ జ్వరం వచ్చినవాళ్ళు. గర్భం 20 వారాలు దాటాక ఈ మందులు వాడితే కడుపులో బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గిపోవచ్చని 2020లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళలో కొందరికి ఒక్క మాత్రతోనే ఊపిరాడని పరిస్థితి వస్తుంది. డెంగ్యూలో రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒళ్ళునొప్పులని మామూలుగా అందరూ ముందు వేసుకునేవి ఏవో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక పిట్టకథ, నిజంగానే పిట్టల కథ. దక్షిణాసియాలో రాబందులు తొంభైల్లో గుట్టలుగా చచ్చిపోయాయి. కారణం ఏంటా అని ఏళ్ళ తరబడి వెతికితే 2004లో తేలింది: పశువులకు వాడిన డైక్లోఫెనాక్. ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువును తిన్న రాబందుకు కిడ్నీలు పాడై చచ్చిపోయేది. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ పశువైద్యంలో ఈ మందును నిషేధించాయి. రాబందు ఒళ్ళు వేరు, మనిషి ఒళ్ళు వేరు, తెలుసు, రెండిటినీ కలిపి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఫిర్యాదు చేయలేని పక్షి విషయంలో కారణం వెతికి, పేరు పెట్టి, ఆర్డరు తీసిన వ్యవస్థలు ఉన్నాయి. ఫిర్యాదు రాసి పంపిన మనిషికి ఒక లైను జవాబు వచ్చింది. అంతే చెప్పదలిచాను.

ఈ మందును తీసేయమని నేను అడగడం లేదు. పన్ను నొప్పి వస్తే ఇప్పటికీ నేను ఇబుప్రోఫెన్ రెండు రోజులు వేసుకుంటాను. కీళ్ళవాతంతో పొద్దున్నే వేళ్ళు ముడవలేనివాళ్ళకు ఈ మాత్ర లేకపోతే రోజు గడవదు. ఒంట్లో వేరే జబ్బు లేని మనిషి కొద్ది రోజులు, తక్కువ డోసులో వాడితే దాదాపు అందరికీ ఏమీ కాదు. గొడవంతా ఎవరికి, ఎన్ని రోజులు, దేనితో కలిపి అన్న దగ్గరే.

"గ్యాస్ మాత్ర కలిపి రాశాం కదా" అని మీలో కొందరు అంటారు. మా అమ్మకు అదీ రాయలేదు, సరే. రాసినా, ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కాపాడేది కడుపును, పేగు మొదటి భాగాన్ని. కిడ్నీకి, గుండెకు వాటితో ఒరిగేదేమీ లేదు. ఆ చిన్న మాత్ర తోడుంటే పెద్ద మాత్రను ఎన్నాళ్ళయినా మింగొచ్చు అనే ధీమా ఇంటింటికీ పాకింది, దాన్ని పాకించింది మేం కాదు.

నేను అడుగుతున్నవి ఇవి.

1. వైద్యులు ఈ మాత్ర రాసే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఇంకేం మందులు వాడుతున్నారు? ఎప్పుడైనా కడుపులో పుండు, రక్తం పడడం ఉన్నాయా? కిడ్నీ, గుండె, ఆస్తమా, గర్భం, వీటిలో ఏదైనా ఉందా? గట్టిగా ఒక నిమిషం. మా అమ్మ విషయంలో మొదటి ప్రశ్న దగ్గరే అంతా బయటపడేది.

2. చీటీ మీద "ఐదు రోజులు" అని మాత్రమే కాకుండా "ఆ తర్వాత ఆపేయాలి, మళ్ళీ కొనొద్దు" అని రాయండి. మాకు ఐదు రోజులు అంటే ఐదు రోజుల్లో తగ్గుతుంది అని అర్థమైంది, ఐదు రోజులు దాటకూడదు అని కాదు.

3. మోకాలు, చేతివేళ్ళ లాంటి చోట అరుగుదల నొప్పులకు ముందు పూత మందు ఇచ్చి చూడండి. డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి వెళ్ళేది మాత్రతో పోలిస్తే సుమారు 6 శాతమే. ఈ సంగతి తెలిసిన రోజు అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: "మరి మొదట అదే ఇవ్వొచ్చుగా?"

4. పెద్ద వయసువాళ్ళకు ఎక్కువ రోజులు తప్పదు అనుకుంటే క్రియాటినిన్, హిమోగ్లోబిన్, బీపీ చూడకుండా చీటీ పొడిగించొద్దు. నొప్పి మాత్ర మొదలయ్యాక బీపీ పెరిగితే బీపీ మందు డోసు పెంచే ముందు నొప్పి మాత్ర సంగతి అడగండి.

5. ఫార్మసిస్టులు ఒకే కోవ మందులు రెండు పేర్లతో ఒకే మనిషికి వెళ్తుంటే ఆపాలి. ఇది మీరు తప్ప ఇంకెవరూ పట్టుకోలేరు, ఎందుకంటే ఇద్దరు డాక్టర్ల చీటీలూ చేరేది మీ దగ్గరికే. మందు చేతికిచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పండి: "విరేచనం నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, కాళ్ళు వాచినా మాత్ర ఆపేసి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి." జనం వింటారు.

6. నియంత్రణ అధికారులకు. హెచ్చరిక పెట్టెలోని కాగితం మీద కాదు, స్ట్రిప్ మీదే ఉండాలి, చదివేవాళ్ళ భాషలో, కళ్ళజోడు పెట్టుకున్న పెద్దవాళ్ళకు ఆనే సైజులో. కంపెనీ పేరు కంటే మందు అసలు పేరు పెద్దగా ఉండాలి. రెండు మూడు మందులు కలిపిన మాత్రల్లో నొప్పి మందు పేరు విడిగా కొట్టొచ్చినట్టు కనబడాలి.

7. ఫిర్యాదు చేసిన ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చి, దాని మీద ఏం చేశారో గడువులోగా చెప్పాలి. మందు వల్ల హాని జరిగిందని రోగి ఇంటివాళ్ళే సులువుగా రాయగలిగే ఫారం ఆసుపత్రిలో, మందుల షాపులో కనబడే చోట ఉండాలి.

ఇది చదివి ఎవరైనా కంగారుపడి బీపీ మాత్ర మానేయొద్దు, ఆస్పిరిన్ కూడా. వేసుకునే మాత్రలన్నీ, స్ట్రిప్పులతో సహా, ఒక సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టండి. అమ్మ విషయంలో నేను చేయాల్సి ఉండి చేయనిది అదే.

ఆసుపత్రి వాళ్ళకు ఇంకొక్క మాట. మీ మీద కేసు వేయడం లేదు. కరపత్రంలో ఉంది అన్నారు కదా, అది మా అమ్మ చేతికి ఏ రోజు, ఎవరు ఇచ్చారో ఒక లైను రాసి పంపండి చాలు.

హాని జరిగినప్పుడు నింపే ఫారంలో మందు పేరుతో పాటు బ్యాచ్ నంబరు అడుగుతారని ఈమధ్యే తెలిసింది. అదృష్టం కొద్దీ చివరి స్ట్రిప్ పారేయలేదు. నాలుగు మాత్రలు మిగిలి ఉన్నాయి, నంబరు చెరిగిపోలేదు. ఎవరికి పంపమంటారు?